పిడికెడు సత్తుపిండి

సిరిసిల్ల,
14 మే 1998.

సంధ్యా,

దీవెనలు ఉత్తరం చివర రాస్తాను. ముందు నాకు కావలసిన సంగతి. ముంబైలో నీ కడుపు ఆపరేషన్ అయి ఇవాళ్టికి నలభై రోజులు. ఉమాకాంత్ మరిది రెండుసార్లు ఫోన్ చేసి, "మంచిగనే ఉన్నది వదినె" అని పెట్టేశాడు. పెళ్లాం కడుపు కోసి కుట్టినా మగవాళ్లకు అంతకంటే మాట రాదు. నువ్వు రాయి.

ఇంత పట్టుగా ఎందుకు అడుగుతున్నానో నీకు తెలుసు. మరిది నా కాగితాలు కూడా ఆ డాక్టరుకు చూపించాడట. నవంబరులో నాకూ చేస్తానన్నాడట. మొన్న ఇక్కడ రైస్ మిల్లులో బస్తాలు తూచే కాంటా మీద నిలబడ్డాను. నూట పదకొండు కిలోలు. మిల్లు గుమాస్తా ముసిముసిగా నవ్వాడు. వాణ్ణి అక్కడే కడిగేశాను గానీ ఇంటికొచ్చి ఏడ్చాను. మోకాళ్లు పోయాయి. బీడీలు చుట్టడానికి కూర్చుంటే చాట ఒళ్లో నిలవడం లేదు, పొట్ట దాన్ని ముందుకు నెట్టేస్తోంది. పీట మీద పెట్టుకుని చుడుతున్నాను. షుగర్ రెండు వందల ఎనభై. అమ్మ పోయిన వయసు నాకు ఇంకో మూడేళ్లలో వస్తుంది.

మీ బావకు ఈ ఆపరేషన్ గిట్టదు. "జర తక్కువ తింటే పొయ్యేదానికి కోయించుకునుడేంది?" అంటాడు. ఆయన కట్టెపుల్లలా పుట్టాడు, అలాగే ఉన్నాడు. తక్కువ తినడం గురించి నాకు పాఠం చెప్తాడు. పదేళ్లుగా రాత్రిపూట నేను తింటున్నది ఒక్క జొన్నరొట్టె అని ఆయనకు తెలియదా?

కాబట్టి నేను ఎవరి మాటా వినదలచుకోలేదు. నిర్ణయం నీ మీద పెట్టాను. చేయించుకోమంటే చేయించుకుంటాను, వద్దంటే మానుకుంటాను. ఫోన్‌లో అడుగుదామంటే ఎస్టీడీ బూత్ బజారు నడిబొడ్డున ఉంది, నా కడుపు సంగతి సిరిసిల్ల అంతా వింటుంది. ఉన్నదున్నట్టు రాయి.

దీవెనలు. అత్తమ్మ ఐలమ్మగారికి నమస్కారం చెప్పు.

నీ అక్క,
సుభాషిణి.


లింబాయత్, సూరత్,
2 జూన్ 1998.

అక్కా,

నీ మరిది అబద్ధం చెప్పలేదు. మంచిగానే ఉన్నాను. పడుకుని రాస్తున్నాను గనక అక్షరాలు వంకర పోతే తిట్టకు.

డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. కడుపు పైభాగాన్ని కుట్టేసి కోడిగుడ్డు పట్టేంత చిన్న సంచీ చేస్తారు. దాని కింద ఒక పట్టీ వేస్తారు. తిన్నది ఆ సంచీలో ఆగి మెల్లమెల్లగా కిందికి దిగాలి. నాలుగు చెంచాలకే కడుపు నిండిపోతుంది. నీళ్లు వేరే, తిండి వేరే, రెండూ కలపకూడదు. ఇప్పుడు నేను తాగేది పెసరకట్టు, మజ్జిగ. చంటిపిల్ల బతుకు! మా అత్త చిన్న వెండి చెంచా ఎక్కడినుంచో తీసింది. నీ మరిది చిన్నప్పటిదట.

పదిహేను కిలోలు తగ్గాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కుట్టు మానింది. ఆకలే వేయదు అక్కా, అదే పెద్ద వింత. కింద ఎనిమిది మగ్గాలు నడుస్తుంటే పైన మంచం ఊగుతుంది, ఆ ఊపుకు హాయిగా నిద్రపడుతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ఇక్కడ గల్లీలో ఎవరికీ అసలు సంగతి తెలియదు. మా అత్త మొదటిరోజే చెప్పింది: "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నదంటరు. రాళ్లు తీసిన్రని చెప్పు. రాళ్లకైతే అందరు అయ్యో అంటరు." నిజంగానే అందరూ అయ్యో అన్నారు. పక్కింటి కొమురవ్వ చిన్నమ్మ ఆ రాళ్లు చూపించమని కూడా అడిగింది!

ధైర్యంగా చెప్తున్నాను, చేయించుకో. భయపడేదేం లేదు.

బావకు నమస్కారాలు.

నీ చెల్లెలు,
సంధ్యారాణి.


సిరిసిల్ల,
20 జులై 1998.

సంధ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సంతోషమే. కానీ అందులో ఒక్క తిట్టు లేదు, ఒక్క ఏడుపు లేదు. జ్వరమొస్తేనే ఇల్లు ఎత్తి కుదేసేదానివి నువ్వు. ఆకలే వేయదంటావు. చిన్నప్పుడు నీ పళ్లెం ఖాళీ చేసి నా పళ్లెంలో చేయి పెట్టినదానివి. ఆ ఆకలంతా ఎక్కడికి పోయింది? దాన్ని కూడా డాక్టరు కోసి పడేశాడా?

సరే, నమ్ముతున్నాను. ఇంకో మాట అడుగుతాను, దీనికి సరిగ్గా చెప్పు. నలుగురిలో కూర్చున్నప్పుడు ఏం చేస్తావు? మనవాళ్ల సంగతి తెలుసు కదా. పేరంటానికి పోతే పెడతారు, చావుకు పోతే పెడతారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. బీడీ కార్ఖానాలో మధ్యాహ్నం పది మందిమి టిఫిన్లు విప్పి పంచుకుంటాం. రోజంతట్లో నేను మనిషిలా ఉండేది ఆ అరగంటే. మిగిలినదంతా చేతివేళ్ల పనే. ఆ అరగంట పోతే ఎలా ఉంటుందో నాకు ఊహకు అందడం లేదు.

మోకాలి నొప్పికి ఇప్పుడు చేతికర్ర వచ్చింది. నలభై ఒక్కటికే.

నీ అక్క,
సుభాషిణి.


లింబాయత్, సూరత్,
11 ఆగస్టు 1998.

అక్కా,

నువ్వు పోలీసుల్లో చేరాల్సింది.

నలుగురిలో ఏం చేస్తానంటావా? ఏముంది, ఒక ముక్క చేతిలో పట్టుకుని మాటల్లో పెడతాను. నా మాటలు ఎక్కువని అందరికీ తెలుసు. తిన్నానా లేదా అని ఎవరు చూస్తారు? రాళ్ల ఆపరేషన్ అయిందని పథ్యం అంటాను, ఒప్పుకుంటారు. అలవాటైపోతుంది.

ఇరవై మూడు కిలోలు తగ్గాను. డాబా మెట్లు మధ్యలో కూర్చోకుండా ఎక్కేశాను. పైకి వెళ్లి చూస్తే చీరలు ఆరేసిన తాళ్లు తప్ప ఏమీ లేవు, అయినా ఎంతో సంబరంగా నిలబడ్డాను. షుగర్ మాత్రలు సగం చేశారు. ఇది నిజం అక్కా, దీన్ని నమ్ము.

వర్షాలకు గల్లీలో మోకాలి లోతు నీళ్లు. ఉంటాను.

సంధ్య.


సిరిసిల్ల,
16 సెప్టెంబరు 1998.

సంధ్యా,

టికెట్ తీసుకున్నాం. నవంబరు పన్నెండున వరంగల్‌లో నవజీవన్ ఎక్కుతున్నాను. బావ రాడు, మగ్గం వదిలి వస్తే నడవదు. స్టేషన్ దాకా వచ్చి రైలు ఎక్కిస్తాడు. సూరత్‌లో దించుకోవడానికి మరిదిని పంపు. తర్వాత ముంబై ఎప్పుడు పోవాలో మీరే చూడండి.

"ఇది దీంట్ల చస్తే నన్ను అనకున్రి" అని బావ ఇంట్లోవాళ్లతో అంటున్నాడు. నేను నవ్వుతున్నాను. నా చెల్లెలు చేయించుకుంది, నవ్వుతూ మెట్లెక్కుతోంది, నాకేమవుతుంది అంటున్నాను. నీ రెండు ఉత్తరాలూ బీడీ చాట కిందే పెట్టుకున్నాను.

బతుకమ్మకు నువ్వే ముందు పాడతావు కదా అక్కడ. గొంతు చూసుకో.

అక్క.


లింబాయత్, సూరత్,
14 అక్టోబరు 1998.

అక్కా,

ఇది చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో. నీకు రాసిన రెండు ఉత్తరాల్లో సగం అబద్ధాలు. నా మాట మీద నువ్వు టికెట్ తీసుకున్నావు గనక ఇక దాచలేను.

సద్దుల బతుకమ్మ నాడు తాపీ నది ఒడ్డుకు పోయాం. మా గల్లీ ఆడవాళ్లే నలభై మంది దాకా ఉంటారు. ఎప్పటిలాగే నేనే పాట ఎత్తాను. బతుకమ్మను నీళ్లలో వదిలాక వాయినాలు మొదలయ్యాయి. నీకు తెలుసు కదా, సత్తుపిండి చేతిలో పెడితే పుచ్చుకోవాలి, అక్కడే నోట్లో వేసుకోవాలి. కాదంటే ఆ మనిషిని, ఆ తల్లిని ఇద్దరినీ కాదన్నట్టు. పథ్యం అందామనుకున్నాను. ఆపరేషన్ అయి ఆరు నెలలు, రాళ్లకు ఇంకా ఏం పథ్యం? ఒక్కొక్కరి దగ్గర చిటికెడు వేసుకున్నాను. కొమురవ్వ చిన్నమ్మ పిడికెడు ముద్ద చేసి, "ఎండుకపోయినవ్ బిడ్డా, తిను" అని తన చేత్తో నోట్లో పెట్టింది. మక్కపిండి, నువ్వులు, బెల్లం. ఆరు నెలల తర్వాత ఆ రుచి! నిజం చెప్పాలంటే కాదనలేకే కాదు, నాకూ తినాలనిపించింది. తిన్నాను.

టెంపోలో తిరిగి వస్తుంటే మొదలైంది. రొమ్ము కింద ఎవరో బండ పెట్టి నొక్కుతున్నట్టుంది. పొడిపిండి ఆ గుడ్డంత సంచీలో ఉబ్బి పట్టీ దగ్గర ఇరుక్కుపోయింది. వాంతి రాదు, కిందికి పోదు, ఉమ్మి కూడా మింగలేను. మగ్గాల పని మీద నీ మరిది సలాబత్‌పురాలో ఉన్నాడు. అత్త, కొమురవ్వ చిన్నమ్మ కలిసి దగ్గర్లోని ఒక డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకుపోయారు. ఆయన కడుపు మీద గాటు చూసి, ఇదేం ఆపరేషన్ అని అడిగాడు. అత్త నా ముఖం చూసింది, చిన్నమ్మ ముఖం చూసింది, "రాళ్లు తీసిన్రు సాబ్" అంది. నేను పక్కనే పడుకుని ఉన్నాను అక్కా. నోరు విప్పితే చాలు. నేనూ తలూపాను.

గ్యాస్ అనుకుని ఆయన సోడా తాగించాడు. ఆ తర్వాత ఏమైందో నీకు రాయలేను. తెల్లారి నీ మరిది వచ్చి డాక్టరు చెవిలో అసలు సంగతి చెప్తే, అప్పుడు పెద్దాసుపత్రికి పంపారు. నోట్లోంచి గొట్టం వేసి తీశారు. సంచీ కుట్టు పిగిలి ఉంటే మిగిలేదానివి కాదమ్మా అన్నారు. ఆరు రోజులు సెలైన్ మీదే ఉన్నాను.

ఇక మిగతాది. కుట్టు మానిందన్నాను, మానలేదు. నెలన్నర చీము కారింది. రోజూ గాజుగుడ్డ లోపలికి కుక్కి తీసేవారు. జుట్టు పిడికిళ్లతో ఊడింది. వారానికి మూడు నాలుగుసార్లు వాంతి చేసుకుంటాను, ఒక్క ముద్ద సరిగ్గా నమలకపోయినా. ఆకలి వేయదన్నాను. కడుపుకు వేయదు. పక్కింట్లో పప్పు తాలింపు పెడితే నాకు ఏడుపొస్తుంది. జులైలో ఒకరోజు అందరూ పడుకున్నాక సకినం నమిలి ఉమ్మేశాను. ఇంట్లోవాళ్లు తింటుంటే నేను డాబా ఎక్కుతాను. మెట్లెక్కుతున్నానని గొప్పగా రాశాను కదా, రోజూ ఎక్కడానికి కారణం అది.

మరి నీకెందుకు అబద్ధం రాశాను? నువ్వు భయపడతావని అనుకుని నన్ను నేను మంచిదాన్ని చేసుకున్నాను. అసలు కారణం అది కాదు. ఇలా నాలుగు చెంచాలు తిని లేచే మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే అనిపించేది. నువ్వూ చేయించుకుంటే ఇద్దరం అవుతాం. అంతే అక్కా. తోడు కోసం నిన్ను కత్తి కిందికి పిలిచాను. ఈ మాట రాయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

చేయించుకోవాలా వద్దా అంటే నేను చెప్పను. తెలిసినది చెప్తాను. షుగర్ తగ్గింది, నిజం. రాత్రి ఊపిరి ఆగినట్టయి లేచి కూర్చోవడం లేదు, నిజం. నన్ను మళ్లీ ఏప్రిల్‌లోకి తీసుకుపోయి అడిగితే చేయించుకుంటాననే అంటాను. కానీ నేను చావబోయింది ఆపరేషన్ వల్ల కాదు, రాళ్ల వల్ల.

నన్ను ఎంతైనా తిట్టు. కానీ జవాబు రాయి.

సంధ్య.


సిరిసిల్ల,
24 అక్టోబరు 1998.

సంధ్యా,

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు పెన్ను ముట్టలేదు. ముడితే బూతులే వచ్చేవి. నాలుగో రోజు కూడా కొన్ని వచ్చాయి, ఆ కాగితం చింపేశాను.

సిగ్గులేదా నీకు? పోయి ఉంటే నాకు ఏమని చెప్పేవారు? రాళ్లతో పోయిందని చెప్పేవారు. నేను నీ నవ్వే ఉత్తరాలు పట్టుకుని అదే ఆపరేషన్ బల్ల మీద పడుకునేదాన్ని. ఇది తలుచుకుని రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాను. కోపంతో అనుకోకు.

తోడు కావాలనిపించిందన్నావు చూడు, ఆ ఒక్క మాటకే నిన్ను తిట్టలేకపోయాను. అదే మొదటి ఉత్తరంలో రాసి ఉంటే ఆ పూటే రైలెక్కి వచ్చి నీ పక్కన కూర్చునేదాన్ని. ఆపరేషన్‌కు కాదు, నీ చీముగుడ్డలు మార్చడానికి.

నేనూ ఒకటి దాచాను. ఇక్కడ ఇంటి బయట అందరితో చెల్లెలు కొత్త మగ్గాలు పెట్టింది, చూడటానికి పోతున్నాను అని చెప్పాను. రాళ్లకు తోబుట్టువే అది. నీ ఉత్తరం చదివాక, మొన్న మధ్యాహ్నం టిఫిన్ల దగ్గర లేచి నిలబడి చెప్పేశాను. కడుపు కుట్టించుకుంటున్నాను, ఇక మీ కూరలు తినలేను అని. ఇద్దరు నవ్వారు. ఒకావిడ "గంత పైసల మదమా" అంది. వజ్రమ్మ మాత్రం బీడీ చుట్టడం ఆపి, "అయితే రేపటి సంది నువ్వు తినకున్నా మా నడుమ కూసోవాలె. లేచి పోతే ఒప్పుకోం" అంది. నాకు కావలసింది ఆ మాటే. కూర విషయం ఎవరికి కావాలి!

నువ్వు రాసిన చీము, వాంతులు, జుట్టు అన్నీ విన్నాను. భయమైంది. కానీ నవ్వే ఉత్తరాలు చదివినప్పటి భయం వేరు. అప్పుడు దేనికి భయపడాలో కూడా తెలియలేదు. ఇప్పుడు తెలుసు. చేయించుకుంటాను. ఇది నా నిర్ణయం, నీ మీద పెట్టడం లేదు.

కానీ ఒక షరతు. ఆపరేషన్ తర్వాత నేను ఆరు నెలలు మీ ఇంట్లో, మీ గల్లీలో ఉండాలి. ఆ గల్లీలో నేను రాళ్ల కథ చెప్పను. నువ్వు ముందు చెప్పాలి, నీ నోటితో, మీ అత్త నోటితో కాదు, మరిది నోటితో కాదు. చెప్పాక నాకు రా అని రాయి. చెప్పలేకపోతే ఏమీ రాయకు, టికెట్ వాపస్ చేసుకుంటాను. కోపగించుకోను. కానీ రాను.

అక్క.


లింబాయత్, సూరత్,
2 నవంబరు 1998.

అక్కా,

నీ షరతు చదివి రెండు రోజులు నీ మీద పళ్లు నూరాను. నీకేం, నువ్వు చెప్పి రైలెక్కుతావు. నేను ఈ గల్లీలోనే ఉండాలి.

దీపావళికి ఊళ్లకు పోయిన మగ్గాల పనివాళ్లు ఇంకా తిరిగి రాలేదు. మగ్గాలు ఆగి ఉన్నాయి. మామూలుగా అయితే ఆ చప్పుడులో అరిచినా వినబడదు, ఇప్పుడు గుసగుసలాడినా పక్కింటికి పోతోంది. తప్పించుకోవడానికి వీల్లేదు. నిన్న మధ్యాహ్నం అరుగుల మీద ఆడవాళ్లంతా ఉన్నారు. అత్తతో చెప్పాను, పోయి చెప్తున్నా అని. ఆమె వద్దనలేదు. చెప్పులేసుకుని నా వెనకే వచ్చింది.

నేను పాటలకు గొంతెత్తేదాన్ని, మాట ఎత్తలేకపోయాను. మొదటిసారి దగ్గు వచ్చింది. రెండోసారి చెప్పాను. రాళ్లు లేవు, ఏ రాళ్లూ తీయలేదు, లావు తగ్గడానికి కడుపు కుట్టించుకున్నాను అని. వెంటనే అత్త ముందుకొచ్చి, "రాళ్లని చెప్పుమన్నది నేనే. నా తప్పే. డాక్టర్‌కు గూడ నేనే చెప్పిన" అంది. పదిహేనేళ్ల కాపురంలో ఆమె తప్పు ఒప్పుకోవడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలేదు.

తర్వాత మాటలు మొదలయ్యాయి. ఒకామె నా కడుపు చూపించమంది. ఇంకొకామె, ఇట్లాంటివి సేట్ల ఇళ్లలో చేయించుకుంటారు, మనకెందుకు అని మూతి తిప్పింది. నా వెనక నవ్వినవాళ్లూ ఉన్నారు, విన్నాను. ఇంకా కొన్నాళ్లు నవ్వుతారు. నువ్వొచ్చాక మన ఇద్దరినీ చూసి నవ్వుతారు, సిద్ధంగా ఉండు.

కొమురవ్వ చిన్నమ్మ లేచి ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆమెకు కోపమొచ్చింది, ఇన్నాళ్లు అబద్ధం చెప్పినందుకు ఇక మాట్లాడదు అనుకున్నాను. నిన్నంతా తలుపు తీయలేదు.

ఇవాళ పొద్దున వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నా మంచం మీద కూర్చుని నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. "ఆ ముద్ద నా చేతులతోనే పెట్టిన గదనే. నిన్ను అడగకుంటనే నోట్లె కుక్కిన. నువ్వు చచ్చిపోతే పాడె ఎనుక నేను ఏడ్చుకుంట నడుద్దును. చంపింది నేనే అని నాకు ఎన్నడు తెల్వకపోయేది" అంది.

అక్కా, ఆరు నెలలుగా నేను నా పరువు ఒక్కటే చూసుకున్నాను. నాకు ప్రేమగా పెట్టిన మనిషిని నేనేం చేయబోయానో అప్పుడు తెలిసింది. ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. నా తల నిమురుతూ చాలాసేపు కూర్చుంది. పోయేటప్పుడు గడప దగ్గర ఆగి అడిగింది, మీ అక్క ఎప్పుడొస్తది, ఆమెకు ఏమేం పెట్టొద్దు, ఒక్కొక్కటి చెప్పు అని.

రా.

సంధ్య.